బావి దగ్గరి ఆమెకు అంటగట్టిన పాపం

ఆ ఆదివారం చర్చిలో మా పాస్టరు అయ్యగారు బైబిల్లోని సమరయ స్త్రీ భాగం తీసినప్పుడు నాకు సంతోషమే వేసింది. ఎండన పడి నడిచి అలిసిపోయిన ప్రభువు ఒక బావి గట్టున కూలబడతాడు. నీళ్ళకొచ్చిన పరాయి జాతి ఆడమనిషిని దాహానికిమ్మని అడుగుతాడు. ఆమె తొందరపడి ఇచ్చెయ్యదు. మా చేతి నీళ్ళు నువ్వు తాగుతావా అని నిలదీస్తుంది. సువార్తలన్నిటిలోనూ నాకు ఇంత ఇష్టమైన సంభాషణ ఇంకోటి లేదు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటే వినడం నాకు సరదా.

చదవడం అయిపోయింది. ప్రసంగం మొదలైంది.

"ఈ స్త్రీ మిట్టమధ్యాహ్నం నీళ్ళకి ఎందుకొచ్చింది?" అని అడిగారు అయ్యగారు. జవాబూ ఆయనే చెప్పారు. "సిగ్గు! తోటి ఆడవాళ్ళకి మొహం చూపించలేక వచ్చింది. ఎందుకంటే ఐదుగురు పెనిమిట్లు! ఇప్పుడున్నవాడు పెనిమిటి కూడా కాదు, ఆరోవాడు!"

ఆరోవాడు అన్నప్పుడు ఐదు వేళ్ళ పక్కన ఇంకో వేలు పెట్టి చూపించారు. మగవాళ్ళ వైపు నుంచి చిన్న నవ్వు వినబడింది. ఆ నవ్వుతో ఆయనకి ఊపొచ్చింది. "దూరం ఎందుకు? అలాంటి సమరయ స్త్రీలు మన మధ్యా ఉన్నారు. ఆదివారం ఆదివారం వచ్చి చాప మీద కూర్చుంటున్నారు."

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. చాపల మీద ముసుగు వేసుకుని కూర్చున్న ఆడవాళ్ళ తలలు ఒకటొకటిగా కిటికీ వైపు తిరిగాయి. కిటికీ పక్కన గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి తల ఎత్తలేదు. కాసేపటికి లేచింది. కొంగు సర్దుకుంది. ఎవరి కాళ్ళూ తొక్కకుండా జాగ్రత్తగా నడిచి, గుమ్మం బయట తన చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది. ప్రసంగం ఆగలేదు. "చూశారా, వాక్యం రెండంచుల కత్తి" అన్నారు అయ్యగారు.

నా ఒళ్ళు మండిపోయింది.

ఆమె ఎవరో చెప్పాలి. మాది ఉద్దానం. సోంపేట దాటి సముద్రం వైపు వెళ్తుంటే రెండు పక్కలా కొబ్బరి, జీడితోటలు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కోనసీమలా ఉందంటారు. ఆ పచ్చటి తోటల మధ్య ఇల్లిల్లూ కిడ్నీ జబ్బుతో ఖాళీ అవుతోందని వాళ్ళకి తెలియదు. నీళ్ళ వల్ల అని కొందరు, కాదని కొందరు. పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చి రక్తం తీసుకెళ్ళారు, నీళ్ళు పట్టుకెళ్ళారు. ఎందువల్లో ఇప్పటికీ తేల్లేదు. మా దగ్గర ఇద్దరు మనుషులు ఎదురుపడితే వానల గురించి కాదు, కిడ్నీ పరీక్షలో క్రియాటిన్ ఎంతుందని అడుగుతారు.

ఆమె మొదటి పెనిమిటి ఆ జబ్బుతోనే పోయాడు. కొబ్బరిచెట్లు ఎక్కే మనిషి, రాయిలాంటివాడు. మంచంలో పడ్డాక ఎండిన మట్టలా అయిపోయాడు. పెద్దలు కూర్చుని, ఇల్లు చెదరకూడదని, అతని తమ్ముడితో మారుమనువు కట్టించారు. కట్టించిన పెద్దల్లో మా సంఘపెద్ద కూడా ఉన్నాడు. ఆ తమ్ముడూ కొన్నాళ్ళకి అదే జబ్బుతో అదే మంచం పట్టాడు, అదే మంచంలో పోయాడు. తర్వాత ఆమె జీడిపిక్కలు కొట్టే పనిలో చేరింది. ఇప్పుడు కొబ్బరికాయలు తోలే లగేజీ ఆటో అతను ఆమె ఇంట్లో ఉంటున్నాడు. భార్య పోయినవాడు. నెమ్మదస్తుడు. ఆమెని మా గుడి, అంటే చర్చి, దగ్గర దింపి, ప్రార్థన అయ్యేదాకా ఎదర చింతచెట్టు కింద ఆటోలో కూర్చునేవాడు. వాళ్ళకి పెళ్ళి కాలేదు. మా ఊరికి ఆమెలో కనిపించిన పాపం ఇది.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. బైబిలు ముందు పెట్టుకుని ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మళ్ళీ చదివాను. మావారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, ఏ విషయమూ అరుగు దాటనివ్వని మనిషి. "ఎందుకలా పేజీలు చింపేస్తావు? నెమ్మదిగా తిప్పు" అన్నారు.

"ఇందులో లేదండీ" అన్నాను.

"ఏది?"

"పాపం. ఎక్కడా లేదు. ఆమె పాపం చేసిందని ప్రభువు అనలేదు. ఇకమీదట చెయ్యకు అని కూడా అనలేదు. క్షమించాను అనలేదు. నిజం చెప్పావు అని మెచ్చుకున్నాడు, అంతే."

బళ్ళో పిల్లలకి నేను ఒకటే చెప్పేదాన్ని. పాఠంలో ఉన్నది రాయండి, లేనిది రాస్తే మార్కులు తీసేస్తాను. ఎనిమిదో తరగతి పిల్లలు అర్థం చేసుకున్న మాట ఇది. వేదిక ఎక్కి, కొన్ని వందల మంది ముందు, దేవుడి పేరు మీద పాఠంలో లేనిది చెప్పేవాళ్ళకి మార్కులు ఎవరు తియ్యాలి?

మర్నాడు పొద్దున్నే అయ్యగారింటికి వెళ్ళాను. ఆయన చెడ్డమనిషి కాదు. విజయనగరం వైపు నుంచి వచ్చి మా దగ్గర స్థిరపడ్డారు. డయాలసిస్‌కి వెళ్ళడానికి దిక్కులేనివాళ్ళని తన మోటారు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని సోంపేట తీసుకెళ్ళి, అయ్యేదాకా ఉండి తీసుకొస్తారు. కులం చూడరు, సంఘంలో ఉన్నారా లేదా అని చూడరు. అందుకే నాకు మరీ మంట. చెడ్డవాడైతే చెడ్డమాట చెప్పాడని ఊరుకునేదాన్ని.

"అయ్యగారూ, నిన్న మీరు చెప్పిన పాపం ఆ అధ్యాయంలో ఎక్కడుందో ఒకసారి చూపించండి" అన్నాను.

ఆయన నవ్వారు. "ఐదుగురు పెనిమిట్లని ఉంది కదమ్మా."

"ఉంది. పాపమని ఎక్కడుంది?"

"అది విడిగా రాయాలా?"

"రాయాలి. ఆమె వదిలేసిందో, వాళ్ళే వదిలేశారో, చచ్చిపోయారో అందులో లేదు. ఆ రోజుల్లో వదిలేసే హక్కు మగవాడిదేనని మీరే ఒకసారి చెప్పారు. ఏడుగురు అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు పెళ్ళి చేసుకుని చచ్చిపోతే మిగిలిన ఆడదాని మాట కూడా సువార్తల్లోనే ఉంది కదా. ఆమెని మీరు ఏడుగురితో తిరిగిందని ఎప్పుడైనా చెప్పారా?"

ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలారు. "మరి మధ్యాహ్నం వేళ ఒక్కతే ఎందుకొచ్చిందమ్మా?"

"మన ఊళ్ళో కుళాయి ఎప్పుడొస్తుంది? పదకొండు దాటాకే కదా! బిందె పట్టుకుని ఆ వేళకి వెళ్ళిన ఆడవాళ్ళందరూ సిగ్గుపడి వెళ్తున్నారా? నీళ్ళు కావాలి కాబట్టి వెళ్తున్నారు."

"ఇది నేను కొత్తగా పుట్టించిన అర్థం కాదు టీచరుగారూ. బైబిలు కాలేజీలో మాకిలాగే చెప్పారు. మా గురువులకి వాళ్ళ గురువులు చెప్పారు."

"ఉద్దానంలో కూర్చుని ఆ మాట మీరెలా అంటారు? ఇక్కడ ఒకామెకి ఐదుగురు పెనిమిట్లు పోయారంటే మీరు మొదట అడిగేది క్రియాటిన్ గురించి. పాపం గురించి కాదు. నిన్న లేచి వెళ్ళిపోయిన ఆమె ఇద్దరు పెనిమిట్లనీ ఆస్పత్రికి మోసింది మీ బండే కదా?"

ఆయన గుమ్మం బయటున్న తన బండి వైపు చూశారు. నేను గెలిచాననుకున్నాను. కానీ ఆయన నా మొహం చూడకుండా అన్న మాట ఇది: "పెద్దలు అనుకుంటున్నారమ్మా. వచ్చే బల్ల ఆదివారానికి ముందు ఆమె సంఘం ఎదుట నిలబడి తప్పు ఒప్పుకోవాలి. లేకపోతే బల్లకి దూరంగా ఉండాలి."

బల్ల అంటే మాకు ప్రభు భోజనం. నెలకోసారి రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం. దానికి దూరం పెట్టడమంటే బతికుండగానే మనిషిని బంధువుల్లోంచి తీసెయ్యడం.

"ఏ పెద్దలు? ఆమెకి మారుమనువు కట్టించినవాళ్ళేనా?" అని అడిగాను.

"కోపంలో ఉన్నారు మీరు. ప్రార్థన చేద్దాం" అన్నారాయన.

నేను కళ్ళు మూసుకోలేదు.

అక్కణ్ణుంచి తిన్నగా ఆమె ఇంటికి వెళ్ళాను. పనికి వెళ్ళలేదు ఆ రోజు. వీధిగుమ్మంలో కూర్చుని చేతులకి ఆముదం రాసుకుంటోంది. జీడి నూనెకి వేళ్ళ మీద చర్మం నల్లగా పొరలు లేచిపోయి ఉంది.

"రా టీచరమ్మా. నువ్వు వస్తావనుకున్నాను" అని పీట జరిపింది.

అయ్యగారు అలా అనకూడదని, అందులో అలా రాసి లేదని, దారి పొడుగునా కూడబెట్టుకున్నదంతా గబగబా చెప్పాను. ఆమె విన్నాక తలూపింది.

"నాను ఆ మాటకి లేవలేదు. అయిదన్నాడు, ఆరన్నాడు, అదేటో నా సెవికెక్కనేదు. మొదట్ల సదివినాడు సూడు, దాహానికిమ్మని అడిగినాడని. నాను ఆ మాట కాడే ఉండిపోనాను. అందరూ తిరిగి సూస్తంటే అప్పుడు తెలిసినాది, నా గురించే సెప్తన్నాడని."

"దాహం మాట దగ్గర ఎందుకు ఆగిపోయావు?"

ఆమె ఆముదం గిన్నె పక్కన పెట్టింది. "డాక్టరు నీళ్ళు కొలిసి ఇమ్మన్నాడు టీచరమ్మా. ఎక్కువ తాగితే ఊపిరాడదన్నాడు. పెద్దోడు, నా మొదటి మొగుడు, నా కాళ్ళట్టుకున్నాడు. ఒసే, సుక్క నీళ్ళియ్యే, నీకు దండమెడతానన్నాడు. నాను ఇయ్యనేదు. సెంబు దాసేసినాను. తడిగుడ్డతో పెదాలు తుడిసినాను. ఆడలాగే పోనాడు. ఆడి తమ్ముడూ అంతే. ఇద్దరూ నీళ్ళు నీళ్ళంటూ పోనారు. ఇద్దరికీ నీళ్ళియ్యనిదాన్ని నాను. నాకేదైనా పాపముంటే అదే ఉంటాది. అయ్యగారు అది ఇడిసిపెట్టి మొగుళ్ళ సంగతి ఎత్తినాడు."

డాక్టరు చెప్పినట్టే చేశావు కదా అన్నాను. ఆ మాట చాలదని నాకే తెలుస్తోంది.

అడగలేక అడిగాను. "ఈ ఆటో అతన్నయినా పెళ్ళి చేసుకోవచ్చు కదా. వీళ్ళ నోళ్ళు మూతపడతాయి."

"కడతానంటన్నాడు. నానే వద్దంటన్నాను. కట్టినోళ్ళిద్దరూ పోనారు. ఈ మనిసి క్రియాటిన్ బాగున్నాది. మొన్న కూడా సూపించినాం. తాడు కట్టించుకుని ఈణ్ణి కూడా నాను సంపుకోవాలా?"

తాడుకి, చావుకి సంబంధం లేదని చెప్పగలను. మూఢనమ్మకమని ప్రసంగం చెయ్యగలను. చెయ్యలేదు. బల్లకి దూరం పెడతారన్న సంగతి మాత్రం దాచకుండా చెప్పాను. ఆమె లోపలికెళ్ళి నాకు మజ్జిగ తెచ్చిచ్చింది.

"అది సరేగానీ, ఆ బావి కాడ ఆయనకి ఆవిడ నీళ్ళిచ్చినాదా నేదా?" అని అడిగింది.

నేను ఆలోచించాను. ఆయన అడిగినట్టుంది. చివరికి ఆమె కుండ వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తినట్టుంది. మధ్యలో నీళ్ళిచ్చినట్టు, ఆయన తాగినట్టు ఎక్కడా లేదు. "రాయలేదే" అన్నాను.

"ఇచ్చే ఉంటాది. ఎండన పడొచ్చి అడిగినోడికి ఇయ్యకుండా ఎలాగుంటాది? రాసినోడు మగోడు గావాల. నీళ్ళిచ్చిన సంగతి మర్సిపోయి మొగుళ్ళ సంగతి గుర్తెట్టుకున్నాడు."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. ఆ రోజు మేం నవ్వింది అదొక్కసారే.

"స్త్రీల ఆదివారం వస్తోంది. నేను ఆ భాగమే చెప్తాను. నీ ఊసు మాత్రం ఎత్తను" అన్నాను.

"ఎత్తకు. ఎత్తితే ఇంకోపాలి నువ్వు ఈ గుమ్మం తొక్కక్కర్నేదు" అంది.

స్త్రీల ఆదివారం అంటే ఏడాదికోసారి మాకు దొరికే వేదిక. ఆ రోజు ఆడవాళ్ళే వాక్యం చదువుతారు, పాటలు పాడతారు, ఒకరు ప్రసంగం చేస్తారు. మిగతా ఆదివారాలన్నీ మగవాళ్ళవి. ప్రతి ఏడూ ఆ రోజుకి ఒకటే భాగం ఇస్తారు, గుణవతియైన భార్య. తెల్లారకముందే లేచి, ఇల్లంతా నడిపి, దీపం ఆరనివ్వని ఇల్లాలు. ఎన్నేళ్ళు చెప్పానో ఆ భాగం! విన్నవాళ్ళు అప్పటికే తెల్లారకముందు లేచి, వంట చేసి, జీడి బట్టీకెళ్ళే ముందు పరుగెత్తుకుంటూ వచ్చినవాళ్ళు. వాళ్ళకి నేను ఇంకా ముందు లేవమని చెప్పేదాన్ని.

ఆ ఏడు నేను వేదికెక్కి బావి దగ్గరి భాగం తీశాను. ముందు వరసలో సంఘపెద్ద కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. అయ్యగారు తల వంచుకున్నారు.

నేను పాఠం చెప్పినట్టే చెప్పాను. అందులో ఏముందో ఒక్కొక్కటే చదివాను, ఏం లేదో కూడా చెప్పాను. ఈమె మొహం తిప్పుకుని వెళ్ళిపోలేదు. నీకు చేద లేదే, బావి లోతుగా ఉందే అని అడిగింది. మా పెద్దలు ఈ కొండ మీద మొక్కారు, మీరు మీ దేవాలయంలోనే మొక్కాలంటారు, ఏది సరి అని అడిగింది. మతం గురించి, ఆరాధన గురించి అంత పెద్ద ప్రశ్న ఆయన్ని శిష్యులు కూడా అడగలేదు. ఆయన ఆ ప్రశ్నని తోసెయ్యలేదు. ఎండలో అలిసిపోయి, ఆకలితో ఉండి కూడా, ఒక ఆడమనిషికి వివరంగా జవాబు చెప్పాడు. మనం ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న వదిలేసి, ఆ జవాబు వదిలేసి, ఆమె పెనిమిట్లని లెక్కపెట్టుకుంటున్నాం.

"లెక్క ఆయనకీ తెలుసు" అన్నాను. "ఆయన లెక్క చెప్పింది నీ కష్టం నాకు తెలుసని చెప్పడానికి. ఎవరైనా అలా చెప్తే పారిపోతాం కదా, సిగ్గుపెడుతున్నాడని. ఈమె పారిపోలేదు. ఊరంతటినీ పిలుచుకొచ్చింది."

అప్పుడు సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. "టీచరుగారూ, అయ్యగారు సెప్పిన వాక్యానికి మీరు అడ్డం సెప్తన్నారేటి?"

"వాక్యానికి కాదు బాబూ. వాక్యంలో లేని మాటకి."

"ఆడోలు వాక్యానికి అర్థాలు తియ్యడమేటి? ఎక్కడున్నాది?"

"ఈ అధ్యాయంలోనే ఉంది. ఆ ఊరికి సువార్త ఎవరు చెప్పారో చదవండి. శిష్యులు అదే ఊళ్ళోకి అన్నానికెళ్ళి, అన్నం తెచ్చుకున్నారు. ఆమె ఊరిని తెచ్చింది."

అతను ఇంకేదో అనబోయాడు. చాపల మీంచి ఒక ముసలావిడ గొంతు లేచింది. అతనికి సొంత మేనత్త. "ఒరే, కూకో. మీ మావ పోయిననాటికి నాకు ఒంటినిండా వయసున్నాది. ఆ సంగతి నీకు తెల్దా? పెద్ద సెప్పొచ్చినావు!"

అతను కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళ వైపు చూశాను. పెనిమిటి పోయినవాళ్ళు చేతులెత్తండి అని అడగాలని ఇంటి దగ్గర అనుకుని వచ్చాను. ఆ మొహాలు చూశాక అడగలేకపోయాను. ఎత్తకుండా మిగిలే చేతులు తక్కువని నాకు ముందే తెలుసు. పాట పాడి ముగించేశాం.

దాని తర్వాత వచ్చింది బల్ల ఆదివారం. ఆమె ఒప్పుకోలుకి రాలేదు. అయినా ఆ ఉదయం గుడికి వచ్చింది. ఆ ముసలావిడే ఇంటికెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తన పక్కన కూర్చోబెట్టుకుంది. నేను వెనక వరసలో ఉన్నాను. ఏం జరగబోతోందో నాకు తెలియదు. ఎవరూ ఎవరితోనూ ఏదీ అనుకోలేదు. ఇది నేను పూనుకుని చేయించానని తర్వాత చాలామంది అన్నారు. ఆ గొప్ప నాది కాదు.

అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె పళ్ళెం సంఘపెద్ద చేతికిచ్చారు. మగవాళ్ళ వైపు అయ్యాక అతను ఆడవాళ్ళ వైపు వచ్చాడు. ముందు వరసలో ఒకరిద్దరికి ఇచ్చాడు. ఆమె దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం కొంచెం పైకెత్తి, ఆమె తల మీంచి దాటించి, పక్కనున్న మేనత్త ముందు పెట్టాడు.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "దానికిచ్చినాక నాకియ్యి" అంది.

"అత్తా, బల్ల కాడ అల్లరేటి?" అని పళ్ళెం పక్కకి జరిపాడు. పక్కామె కూడా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ పక్కామె తల అడ్డంగా ఊపింది. వరస వెనక వరస, పళ్ళెం వస్తోంది, వెళ్తోంది. ఒకామె అలవాటుగా చెయ్యి చాపి, పక్కవాళ్ళని చూసి వెనక్కి తీసుకుంది. నా దగ్గరికీ వచ్చింది. బాప్తిస్మం తీసుకున్ననాటి నుంచి నేను బల్ల మానలేదు, జ్వరంతో కూడా వచ్చాను. పాపం చేస్తున్నానేమోనని భయం వేసింది. నేనూ తీసుకోలేదు.

పళ్ళెం అలాగే తిరిగి బల్ల మీదకి వెళ్ళింది.

అయ్యగారు ఆ పళ్ళెం వైపు చూస్తూ నిలబడిపోయారు. కోప్పడతారనుకున్నాను. ఆయన పళ్ళెం తీసుకుని మెట్లు దిగి, ఆమె ముందుకు వచ్చి ఆగారు.

ఆమె తలెత్తింది. "ఏటి ఒప్పుకోవాలో సెప్పండి అయ్యగారూ, ఒప్పుకుంటాను. ఆలిద్దరూ నీళ్ళడిగితే ఇయ్యనేదు. మీకు తెలుసు. ఆ వేళ మీరున్నారు. అది ఒప్పుకోమంటే అందరెదటా ఒప్పుకుంటాను."

ఆయన ఉన్నారు మరి. వాళ్ళని ఆస్పత్రికి మోసుకెళ్ళింది ఆయనే, ఆఖరి ప్రార్థన చేసింది ఆయనే. చెంబు దాచమని ఆమెకి చెప్పింది కూడా ఆయనేనట. ఆ సంగతి ఆమె నాతో ఎప్పుడూ అనలేదు, ఆయనే తర్వాత చెప్పారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెం ఆమె ముందు పెట్టారు. "ఏమీ లేదమ్మా. నువ్వు ఒప్పుకోవలసింది ఏమీ లేదు. తీసుకో."

ఆమె తీసుకుంది. నల్లబడ్డ వేళ్ళతో రొట్టె ముక్క పట్టుకుని కాసేపు చూసి నోట్లో పెట్టుకుంది. తర్వాత ఆయనే ప్రతి వరసకీ వంగి వంగి ఇచ్చుకుంటూ వచ్చారు. సంఘపెద్ద గోడ దగ్గర నిలబడి ఉండిపోయాడు.

ఇక్కడితో అంతా చక్కబడిందని రాయాలని ఉంది. రాయలేను. ఆ వారం కమిటీ కూర్చుని ఒక నిర్ణయం చేసింది. ఇక నుంచి స్త్రీల ఆదివారం ప్రసంగం ముందుగా రాసి పెద్దలకి చూపించాలి. మగవాళ్ళు చెప్పే మిగతా ఆదివారాల ప్రసంగాలు ఎవరికి చూపించాలో అందులో లేదు. బల్ల దగ్గర జరిగినదానికి క్షమాపణ లేదు. వేదిక మీంచి చెప్పిన మాటని వేదిక మీంచి వెనక్కి తీసుకున్నదీ లేదు. ఆమె ఆదివారాలు రావడం తగ్గించింది. బుధవారం స్త్రీల కూటానికి మాత్రం తప్పకుండా వస్తుంది. ఆ ఆటో అతను ఇప్పుడు చింతచెట్టు కింద కూర్చోడు, గుమ్మం లోపలికొచ్చి చివర నిలబడతాడు. వాళ్ళు పెళ్ళి చేసుకోలేదు. అడిగే ధైర్యం మా ఊళ్ళో ఇప్పుడు ఎవరికీ లేదు.

మొన్నామధ్య ఒక సాయంత్రం అయ్యగారు బైబిలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. మావారు కుర్చీ వేశారు. వచ్చే ఆదివారం, వ్యభిచారంలో దొరికిందని రాళ్ళతో కొట్టడానికి పట్టుకొచ్చిన స్త్రీ భాగం చెప్పబోతున్నారట.

"ఇందులో పాపముంది టీచరుగారూ. రాసే ఉంది" అన్నారు, ముందే కాచుకుంటున్నట్టు.

"ఉంది. కాదనను. ఆ పాపం ఆమె ఒక్కతే ఎలా చేసిందో కూడా చెప్పండి."

ఆయన అధ్యాయం తెరిచి, వేలు పెట్టి వెతికారు. కిందికి చదివారు, మళ్ళీ పైకి వెళ్ళారు. "అవునమ్మా, పట్టుబడ్డ చోట మగవాడు కూడా ఉండాలి. తీసుకురాలేదు" అన్నారు నెమ్మదిగా.

"ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చెప్పుంటారు ఈ భాగం?"

"చాలాసార్లు."

"ఒక్కసారైనా అడిగారా, వాడెక్కడని?"

ఆయన లేదన్నట్టు తలూపారు. నా కోపం చల్లారిందా అంటే లేదు. ఇంకా పెరిగింది. ఇంత మంచి మనిషి, ఇంత చదువు చదివి, ఇన్ని శవాల దగ్గర కూర్చుని ఏడ్చిన మనిషి, కళ్ళ ముందున్న పేజీలో మగవాడు లేడన్న సంగతి ఇన్నేళ్ళూ చూడలేదంటే, చూడనివాళ్ళు ఇంకెంతమంది ఎన్ని వేదికల మీద నిలబడి ఉన్నారో అనిపించింది.

ఆ ఆదివారం ఆయన మగవాళ్ళ వైపు తిరిగి, వాడెక్కడ అని అడిగారు. సంఘపెద్ద ఫ్యాను వైపు చూశాడు. ముసలావిడ మాత్రం చాప మీద నుంచి గట్టిగా, "ఆ మగోలల్లోనే ఉంటాడు, రాళ్ళట్టుకుని" అంది.